ఒడ్డుకో కార్పొరేషన్, నడుమ గోదావరి

2022 నవంబర్ 15న తెలంగాణలో ఒకేసారి ఎనిమిది ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో తరగతులు మొదలయ్యాయి. అందులో ఒకటి రామగుండంలో, ఇంకొకటి మంచిర్యాలలో. రెండు ఊళ్ల మధ్య పాతిక కిలోమీటర్లు కూడా ఉండవు, గోదావరి అడ్డం, అంతే. జిల్లాకొక కాలేజీ అనుకున్నారు కాబట్టి ఒడ్డుకొకటి వచ్చింది. 2016 అక్టోబర్ 11న పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలను విడగొట్టినప్పుడు ఇక్కడ దక్షిణపు ఒడ్డు పెద్దపల్లి జిల్లాకూ ఉత్తరపు ఒడ్డు మంచిర్యాల జిల్లాకూ పోయాయి. రామగుండం 2009లోనే నగరపాలక సంస్థ అయింది. 2025 మొదట్లో నస్పూరునూ హాజీపూర్ మండలంలోని కొన్ని పల్లెలనూ కలుపుకొని మంచిర్యాల కూడా ఆ హోదా అందుకుంది. ఇప్పుడు ఒడ్డుకో కలెక్టరు, ఒడ్డుకో మేయరు కుర్చీ.

పోలీసు శాఖ మాత్రం ఈ గీతను పట్టించుకోలేదు. రామగుండం పోలీస్ కమిషనరేట్ పరిధిలోకి రెండు జిల్లాలూ వస్తాయి. పెద్దపల్లి లోక్‌సభ స్థానమూ అంతే. దాని అసెంబ్లీ స్థానాల్లో బెల్లంపల్లి, చెన్నూరు, మంచిర్యాల ఆ ఒడ్డువి. రామగుండం, మంథని, పెద్దపల్లి, ధర్మపురి ఈ ఒడ్డువి. దొంగల్ని పట్టడానికీ ఓట్లు లెక్కపెట్టడానికీ ఒకటిగా ఉన్న ప్రాంతం, మంచినీళ్లకూ మురుక్కాలువలకూ మాస్టర్ ప్లానుకూ వచ్చేసరికి రెండవుతుంది. 2011 జనాభా లెక్కల్లో రామగుండం, మంచిర్యాల, నస్పూరు, మందమర్రి, క్యాతన్‌పల్లి, బెల్లంపల్లి పట్టణాలను కూడితే సుమారు అయిదు లక్షల మంది. మన రాష్ట్రంలో ఇది చిన్న సంఖ్యేమీ కాదు. కానీ దీన్ని ఒక నగరంగా ఎవరూ లెక్కపెట్టరు.

ఇంతకూ పక్కపక్కనున్న ఊళ్లు ఎప్పుడు ఒక్క నగరమవుతాయి? ఈ ప్రశ్నకు మన కాలంలో అతి పెద్ద జవాబు చైనా దక్షిణ తీరంలో, పెర్ల్ నది డెల్టాలో ఉంది. 1980 ఆగస్టులో షెన్‌జెన్‌ను ప్రత్యేక ఆర్థిక మండలిగా ప్రకటించినప్పుడు అక్కడి జనం మూడు లక్షల చిల్లర. 2020 జనగణనలో 1.75 కోట్లు. ఇది ఒక్క ఊరి ముచ్చట కాదు. గ్వాంగ్జౌ, ఫోషాన్, డాంగ్వాన్, ఝుహాయ్ అన్నీ అట్లాగే పెరిగి, నడుమనున్న వరి పొలాలూ చేపల చెరువులూ నిండిపోయి, ఎక్కడ ఒక ఊరు అయిపోయి ఇంకో ఊరు మొదలవుతుందో చెప్పలేని స్థితికి వచ్చాయి. వైశాల్యంలోనూ జనాభాలోనూ ఈ డెల్టా టోక్యోను దాటిపోయిందని 2015లో ప్రపంచ బ్యాంకు లెక్కగట్టింది. హాంకాంగ్, మకావులను కూడా జోడించి పదకొండు నగరాల ‘గ్రేటర్ బే ఏరియా’కు చైనా 2019 ఫిబ్రవరిలో ప్రణాళిక ప్రకటించింది. దాని వైశాల్యం 56 వేల చదరపు కిలోమీటర్లు. తెలంగాణలో సగం ఉంటుంది.

ఈ కథలో మనకు పనికొచ్చేది ఆకాశహర్మ్యాల సంగతి కాదు, వాళ్లు కొలిచిన తీరు. ఆ ప్రణాళికలో దూరాన్ని కిలోమీటర్లలో కాక సమయంలో కొలిచారు. ప్రధాన నగరాల మధ్య గంటలో చేరుకోవాలన్నది లక్ష్యం. గ్వాంగ్జౌ, ఫోషాన్ రెండు వేర్వేరు నగరపాలనలు. 2010లో రెంటినీ కలుపుతూ ఒకే మెట్రో లైను వేశారు. 2018 అక్టోబరులో హాంకాంగ్–ఝుహాయ్–మకావు వంతెన తెరిచారు, వంతెనలూ సొరంగమూ కలిపి 55 కిలోమీటర్లు. 2024 జూన్ 30న షెన్‌జెన్ నుంచి ఝోంగ్‌షాన్‌కు నదీముఖం మీదుగా మరో 24 కిలోమీటర్ల దారి పడింది. చుట్టూ తిరిగితే రెండు గంటలు పట్టే ప్రయాణం అరగంటకు తగ్గింది.

దీని వెనుక ఒక చిత్రమైన సూత్రం ఉంది. ఇటలీకి చెందిన భౌతిక శాస్త్రవేత్త చెసారె మర్కెట్టి 1994లో ఒక వ్యాసం రాశాడు. ఏ దేశమైనా, ఏ కాలమైనా, నడిచినా కారెక్కినా, మనిషి రోజుకు పోనూ రానూ కలిపి సగటున గంటసేపే ప్రయాణానికి పెడతాడని ఆయన వాదన. పాత కోట గోడల నగరాల అడ్డుకొలత సుమారు అయిదు కిలోమీటర్లు ఉండేదంటే, అది నడుచుకుంటూ గంటలో పోగలిగే దూరం కాబట్టి. గుర్రపు బండి వస్తే నగరం సాగింది, ట్రామ్ వస్తే ఇంకా సాగింది. గంటకు మూడు వందల కిలోమీటర్లు పోయే రైలు వస్తే వంద కిలోమీటర్ల అవతలి ఊరు కూడా నగరంలో భాగమైపోతుంది. పొద్దున పోయి సాయంత్రం ఇల్లు చేరగలిగినంత మేరా ఒకే కూలి సంత, ఒకే ఇళ్ల సంత, ఒకే పెళ్లి సంబంధాల సంత. నగరమంటే అసలు ఇదే. మున్సిపాలిటీ బోర్డులు ఆ తర్వాతి మాట.

ఈ కొలతతో చూస్తే మన బొగ్గు ఊళ్ల వరస, కోల్‌బెల్టు, ఏనాడో ఒక్క నగరం కావాలి. రామగుండం స్టేషన్ నుంచి మంచిర్యాలకు రైలు మార్గం పద్నాలుగు కిలోమీటర్లు. గోదావరిఖని చౌరస్తాలో బస్సెక్కి వంతెన దాటితే ఇందారం, శ్రీరాంపూర్ మీదుగా మంచిర్యాల. అక్కణ్నుంచి మందమర్రి, బెల్లంపల్లి. కాజీపేట–బల్లార్షా రైలు మార్గం 1929లో పూర్తయింది. ఢిల్లీ–మద్రాసు బండ్లన్నీ అప్పటినుంచీ ఈ ఊళ్ల మీదుగానే పోతున్నాయి. శ్రీరాంపూర్‌లో ఇల్లు కట్టుకొని ఇవతలి ఒడ్డున బాయి (బొగ్గు గని) పనికి వచ్చేవాళ్లున్నారు, యైటింక్లైన్ కాలనీలో ఉంటూ ఆ ఒడ్డున డ్యూటీ చేసేవాళ్లున్నారు. అయినా ఊళ్లు కలిసిపోలేదు. ఎందుకు?

మొదటి జవాబు నేల కింద ఉంది. ప్రాణహిత–గోదావరి లోయ ఒకప్పుడు భూమి పగిలి కుంగిన పొడవాటి పల్లం. పాతిక ముప్పై కోట్ల ఏళ్ల కింద, గోండ్వానా ఖండం ఇంకా విడిపోని రోజుల్లో, ఈ పల్లంలోని చిత్తడి అడవులు ఇసుక కింద పూడి బొగ్గయ్యాయి. ఇక్కడ బొగ్గు తవ్వే సింగరేణి కంపెనీ నిల్వలు ఈ లోయ వెంట 350 కిలోమీటర్ల మేర పరుచుకొని ఉన్నాయి. ఆ పొరలు చదునుగా ఉండవు, ఏటవాలుగా లోపలికి దిగిపోతాయి. లోయ అంచున ఒక సన్నటి పట్టీలో మాత్రమే పైకి తేలతాయి. లోపలికి పోయేకొద్దీ లోతు పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. కాబట్టి బాయిలన్నీ ఆ పట్టీ వెంటే తవ్వారు, బాయిల వెంటే ఊళ్లు లేచాయి. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వరస చూడండి: బెల్లంపల్లి, మందమర్రి, రామకృష్ణాపూర్, శ్రీరాంపూర్, నది దాటితే గోదావరిఖని, ఇంకా దిగువకు సెంటినరీ కాలనీ, భూపాలపల్లి. ఈ ఊళ్ల పటం గీసింది ప్లానర్లు కాదు, బొగ్గు పొర.

గీసిన చేత్తోనే ఆ పొర అడ్డం కూడా పడింది. పొర ఏటవాలుగా దిగుతుందంటే బాయి ముఖద్వారం ఒకచోట, బొగ్గు తీసేది మరోచోట. ఇళ్లు కట్టుకునే నేల కిందనే బొగ్గు ఉంటుంది. పాత పద్ధతిలో సొరంగాల మధ్య బొగ్గు స్తంభాలు వదిలి ముందుకు పోతారు, తర్వాత వెనక్కి వస్తూ ఆ స్తంభాలనూ తీసేస్తారు. అప్పుడు పైకప్పు కూలుతుంది, కొన్నిచోట్ల పైన నేల కుంగుతుంది. పైన ఊరో రోడ్డో వాగో ఉన్నచోట కూలనివ్వకుండా ఖాళీని ఇసుకతో నింపేవారు. గోదావరి ఇసుకను నీళ్లలో కలిపి గొట్టాల్లోంచి బాయిలోకి వదులుతారు. కింద తడకలు కట్టి ఆపితే ఇసుక పేరుకుంటుంది, నీళ్లు వడిసి బయటికి వస్తాయి, వాటిని మళ్లీ పైకి తోడతారు. గోదావరిఖని కింద ఎన్ని చోట్ల గోదావరి ఇసుక స్తంభమై నిలబడి ఉందో పైన నడిచేవాడికి తెలియదు.

నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు వచ్చాక ఆ చిక్కు ఇంకోలా మారింది. టన్ను బొగ్గుకు అయిదారు ఘనపు మీటర్ల మట్టి ఎత్తిపోయాలి. ఊరు పక్కన ఒక లోయ పుడుతుంది, దాని పక్కన ఒక గుట్ట లేస్తుంది. లద్నాపూర్ లాంటి పల్లెలు ఆ లోయలోకే పోయాయి. పెర్ల్ డెల్టాలో రెండు ఊళ్ల నడుమ ఖాళీ జాగా ఉంటే అక్కడి గ్రామ సమష్టి సంస్థలే షెడ్లు కట్టి హాంకాంగ్ కంపెనీలకు అద్దెకిచ్చాయి. దుకాణం హాంకాంగ్‌లో ముందు, కార్ఖానా డెల్టాలో వెనుక అని వాళ్ల సామెత. ఇక్కడ రెండు ఊళ్ల నడుమ ఖాళీ అంటే కంపెనీ జాగా. 1957 నాటి బొగ్గు భూముల చట్టం కింద తీసుకున్న నేల, నేడో రేపో తవ్వాల్సిన నేల. అందులో షెడ్డూ లేదు, మిల్లూ లేదు. కోల్‌బెల్టులో సొంతిల్లున్నా పట్టా లేని కుటుంబాలు వేలల్లో ఎందుకున్నాయంటే ఇందుకే. సింగరేణి వదులుకున్న జాగాల్లోని ఇళ్లను క్రమబద్ధం చేసే 76 జీవో కోసం జనం అన్నేళ్లు తిరిగిందీ ఇందుకే.

రెండో జవాబు నేల మీద ఉంది, ప్రహరీ గోడల రూపంలో. గోదావరిఖనిలో సింగరేణి క్వార్టర్లు, సింగరేణి ఆస్పత్రి, సింగరేణి బడి. జ్యోతినగర్ పోతే ఎన్టీపీసీ టౌన్‌షిప్, దాని గేటు వేరు. గౌతమినగర్ ఎరువుల కంపెనీది. బసంత్‌నగర్ సిమెంటు వాళ్లది. ఒక్కో యజమాని తన ఉద్యోగికి నీళ్లూ కరెంటూ వైద్యమూ అన్నీ తన గేటు లోపలే ఇచ్చాడు. ఉద్యోగికి అది వరమే, కాదనను. కానీ ఊరికి కావాల్సిన పైపులైను, ఊరికి కావాల్సిన ఆస్పత్రి, ఊరికి కావాల్సిన బస్సు దారి అడిగేవాడు గేటు బయట ఉండిపోయాడు. రామగుండం కార్పొరేషన్ అంటే నిజానికి నాలుగైదు కంపెనీ ఊళ్ల మధ్య మిగిలిన సందులకు పెట్టిన పేరు అనిపిస్తుంది ఒక్కోసారి.

అయితే ఇక్కడ అనుసంధానం లేదనడం తప్పు. ఉంది, చాలా గట్టిగా ఉంది. ఒకసారి ఎన్టీపీసీ బొగ్గు రైలును గమనించండి. రామగుండం విద్యుత్ కేంద్రానికి 1978 నవంబర్ 14న అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేశారు. ఇప్పుడు దాని సామర్థ్యం 2600 మెగావాట్లు. యూనిట్‌కు 700 గ్రాముల బొగ్గు అనుకుంటే, పూర్తిగా నడిచిన రోజున దానికి సుమారు 44 వేల టన్నులు కావాలి. అంత బొగ్గును లారీలు మోయలేవు. అందుకని బాయిల నుంచి కేంద్రానికి సొంత రైలు మార్గం వేసుకున్నారు, మెర్రీ గో రౌండ్ అంటారు దాన్ని. బాయి దగ్గర గోదాము లాంటి ఎత్తైన గుమ్మి కింద నుంచి రైలు మెల్లగా సాగుతుంటే పైనుంచి ఒక్కో వ్యాగనులోకి బొగ్గు రాలుతుంది. కేంద్రం దగ్గర పట్టాల కింద పెద్ద గుంత ఉంటుంది. రైలు దాని మీదుగా నడక వేగంతో పోతుంటే వ్యాగన్ల అడుగు తలుపులు తెరుచుకొని బొగ్గు కిందికి జారిపోతుంది. ఇంజను తిప్పి పెట్టుకునే పని లేదు, వ్యాగన్లు విడదీసే పని లేదు, చుట్టు తిరిగి మళ్లీ బాయి దగ్గరికే వస్తుంది. మూడు షిఫ్టులూ ఇదే తిరుగుడు. కాలితే అందులో మూడో వంతుకు పైగా బూడిద. అది కుందనపల్లి చెరువుకు, సిమెంటుకు, ఇటుకలకు పోతుంది.

పుట్టిన కరెంటు ఊళ్లో ఆగదు, రాష్ట్రంలోనూ ఆగదు. దక్షిణాది రాష్ట్రాలన్నీ పంచుకుంటాయి. మహారాష్ట్రలోని భద్రావతి దగ్గర రామగుండం లైను పశ్చిమ గ్రిడ్‌ను కలుస్తుంది. 1990ల చివర్లో ఆ లంకె వేసినప్పుడు రెండు గ్రిడ్ల లయ ఒకటి కాదు కాబట్టి, ఏసీ కరెంటును అక్కడ డీసీగా మార్చి మళ్లీ ఏసీ చేసి 1000 మెగావాట్ల దాకా అటూ ఇటూ పంపే ఏర్పాటు చేశారు. ఇక నీళ్లు. ఎల్లంపల్లి దగ్గర ఆపిన గోదావరి 2015 చివరి నుంచి 180 కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణించి హైదరాబాద్ కుళాయిల్లో పడుతోంది. రోజుకు 17 కోట్ల గ్యాలన్ల పైమాటే. ఎరువుల కర్మాగారం కథ ఇంకా వింత. 1980లో మొదలైనది బొగ్గును గ్యాసుగా మార్చి యూరియా చేసేది, 1999 మార్చి 31న మూతపడింది. దాని జాగాలో 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన కొత్త ఆర్‌ఎఫ్‌సీఎల్ కర్మాగారానికి బొగ్గుతో పనే లేదు, కాకినాడ దగ్గరి మల్లవరం నుంచి పైపులో గ్యాసు వస్తుంది. బొగ్గు, బూడిద, కరెంటు, నీళ్లు, గ్యాసు, యూరియా అన్నిటికీ కోల్‌బెల్టు దేశంతో ముడిపడి ఉంది. ఆ పైపుల్లోనూ తీగల్లోనూ పోలేనిది మనిషొక్కడే.

ఆ మనిషి లెక్క చూద్దాం. 1990–91 ప్రాంతంలో సింగరేణిలో 1.16 లక్షల మంది పనిచేసి ఏడాదికి దాదాపు 1.8 కోట్ల టన్నుల బొగ్గు తీశారు. 2023–24లో 7 కోట్ల టన్నులు తీశారు, ఉద్యోగులు సుమారు 40 వేలు. కాంట్రాక్టు కార్మికులు ఇందులో లేరు, వాళ్లను కలిపితే ఆ తేడా కొంత తగ్గుతుంది. అయినా తట్టా చెమ్మస్‌తో ఫిల్లర్లు టబ్బులు నింపిన రోజులకూ, మీటర్ల ఎత్తు చక్రాల డంపర్లు తిరిగే రోజులకూ ఒక్కో మనిషి మీద పదింతల బొగ్గు తేడా ఉంది. ఆ తేడా ఊళ్ల మీద పడింది. వీఆర్‌ఎస్ తీసుకొని కొందరు సొంతూళ్లకు పోయారు, ఎరువుల కంపెనీ క్వార్టర్లు ఖాళీ పడ్డాయి, వారసత్వ ఉద్యోగాలు ఆగాయి. 2001 జనగణనలో సుమారు 2.36 లక్షలున్న రామగుండం 2011కు 2.29 లక్షలకు దిగింది. షెన్‌జెన్ ఏటికేడు లక్షలు పెరుగుతున్న అదే పదేళ్లలో. నగరాల విలీనం గురించి రాసేవాళ్లు సాధారణంగా పెరిగే నగరాలనే చూస్తారు. తగ్గే ఊళ్లు ఎట్లా కలుస్తాయి అన్నది ఎవరికీ ఇష్టమైన ప్రశ్న కాదు.

నిజానికి ఊళ్లు కలిసి గుత్తిలా ఏర్పడటాన్ని పండితులు మొదట గమనించిందే బొగ్గు నేలల మీద. స్కాట్లండ్‌కు చెందిన ప్యాట్రిక్ గెడ్డెస్ 1915లో ఇలాంటి నగర గుత్తులకు పేరు పెట్టినప్పుడు ఆయన కళ్లముందున్నవి ఎక్కువగా బ్రిటన్ బొగ్గు ప్రాంతాలే. తర్వాత ఆయన బొంబాయి విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం బోధించాడు, మన దేశంలో పదుల కొద్దీ పట్టణాలకు ప్లాన్లు రాశాడు. ఆ కాలంలో బొగ్గు మోయడం ఖరీదు కాబట్టి ఇనుము, ఉక్కు, నేత అన్నీ బొగ్గు దగ్గరికే నడిచొచ్చాయి. కోల్‌బెల్టు పెరిగే నాటికి రైలు మోసుకుపోయింది, తీగ మోసుకుపోయింది. కార్ఖానాలు ఇక్కడికి రావాల్సిన అవసరం పడలేదు.

జర్మనీలోని రూర్ లోయ కూడా గుర్తుకొస్తుంది. 1920 మేలో అక్కడి బొగ్గు పట్టణాలన్నిటికీ కలిపి ఒక ఉమ్మడి ప్రణాళికా సంఘాన్ని చట్టం చేసి పెట్టారు. యుద్ధంలో ఓడి పరిహారంగా బొగ్గు చెల్లించాలి, అందుకు వేలాది కొత్త కార్మికులకు ఇళ్లు కావాలి, ఒక్కో మునిసిపాలిటీ విడిగా తేల్చగలిగే పని కాదు. రోడ్లు, రైలు జాగాలు, ఊళ్ల నడుమ కట్టడాలు రాకూడని పచ్చని పట్టీలు ఆ సంఘమే గీసింది. అదే సంవత్సరం డిసెంబర్ 23న హైదరాబాద్ సంస్థానంలో సింగరేణి కాలరీస్ కంపెనీ నమోదైంది. మనకు కంపెనీ వచ్చింది, సంఘం రాలేదు. రూర్‌లో చివరి గని 2018 డిసెంబరులో మూతపడింది. అప్పటికి దాని వారసుడైన సంఘం కింద 53 పట్టణాలున్నాయి, జనం యాభై లక్షలు. చైనాలోనూ అన్ని ఊళ్లూ డెల్టాలు కాలేదు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద ఓపెన్‌కాస్టుల్లో ఒకటైన హైఝౌ గని ఉన్న ఫూషిన్ నగరాన్ని 2001లో బొగ్గు అయిపోయిన నగరంగా ప్రకటించారు. 2005లో ఆ గని మూసేశారు.

ఇప్పుడు ఇక్కడ దారులు మళ్లీ కదులుతున్నాయి. కాజీపేట–బల్లార్షా మూడో లైను పడుతోంది. మంచిర్యాల నుంచి వరంగల్, ఖమ్మం మీదుగా విజయవాడకు 163–జి జాతీయ రహదారి కొత్త నేల మీద వేస్తున్నారు. దశాబ్దాలుగా మాట్లాడుకుంటున్న రామగుండం–మణుగూరు రైలు మార్గం పడితే గోదావరి లోయ బొగ్గు ఊళ్లన్నీ ఒకే పట్టాల మీదికి వస్తాయి. వీటిలో ఎక్కువ భాగం సరుకు కోసమే. మంచిర్యాల–గోదావరిఖని మధ్య పావుగంటకో బస్సు, రెండు ఒడ్లకూ ఒకే మాస్టర్ ప్లాను, రెండు మెడికల్ కాలేజీలు స్పెషాలిటీలు పంచుకోవడం లాంటివి వీటితో పోలిస్తే చవక. కానీ శంకుస్థాపన రాళ్లకు పనికిరావు.

రామగుండం దగ్గరి మేడిపల్లిలో బొగ్గు తీసేసిన ఓపెన్‌కాస్టు గుంతను ఏం చేయాలన్న ఆలోచన కూడా సాగుతోంది. పంప్డ్ స్టోరేజీ విద్యుత్ కేంద్రం పెట్టాలని సింగరేణి ఉద్దేశం. పగలు సోలార్ కరెంటు మిగిలినప్పుడు గుంతలోని నీళ్లను పైనున్న జలాశయంలోకి తోడతారు. పొద్దుగూకి ఊళ్లల్లో లైట్లు వెలిగే వేళ ఆ నీళ్లను కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. రామగుండంలోనే ఎన్టీపీసీ జలాశయం మీద 2022 నుంచి 100 మెగావాట్ల తేలే సోలార్ పలకలున్నాయి కాబట్టి జత బాగానే కుదురుతుంది. గుంత ఎటూ తవ్వి ఉంది, నది పక్కనే ఉంది, తీగలు ఇప్పటికే ఉన్నాయి. దాన్ని నడపడానికి కావలసిన మనుషులు మాత్రం ఒకప్పుడు ఒక ఇంక్లైన్‌లో ఒక షిఫ్టుకు దిగినంత మంది కూడా ఉండరు.